వేట ఆగిన వేసవిలో విందు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: ఒకప్పుడు కాకినాడలో కలిసి చదువుకున్న మిత్రులం పదిమందిమి మే మూడో వారంలో మళ్లీ అక్కడే కలుసుకోవాలని అనుకుంటున్నాం. రెండు రోజులు చేపలు, రొయ్యలు, పీతలు కడుపారా తిని, కబుర్లు చెప్పుకోవాలన్నదే అందరి కోరిక. అయితే ఆ ఊళ్లోనే స్థిరపడ్డ మిత్రుడొకడు, "మేలో వేట నిషేధం, మంచి చేప దొరకదు, జులైకి వాయిదా వేసుకోండి" అంటున్నాడు. మాకు సెలవులు మేలోనే కుదురుతాయి. వాయిదా వేసుకోక తప్పదా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వాయిదా వేసుకోనక్కర్లేదు కానీ, మీరు మనసులో అనుకున్న వంటకాల జాబితా మాత్రం మార్చుకోవలసి ఉంటుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలూ రొయ్యలూ గుడ్లు పెట్టే కాలమని, మరబోట్లూ మోటారు పడవలూ సముద్రంలోకి వెళ్లకుండా ఆపుతారు. ఒకప్పుడు 47 రోజులుగా ఉన్న ఈ నిషేధాన్ని 2015 నుంచి 61 రోజులు చేశారు. తెరచాపతోనో తెడ్లతోనో నడిచే నాటు పడవలకు ఇందులో మినహాయింపు ఉంది కాబట్టి, ఉప్పాడ వైపు తీరగ్రామాల్లో తెల్లవారుజామున వెళితే ఒడ్డుకు దగ్గరలో పడిన కాసిని చేపలు కనిపిస్తాయి. అవి చాలా రుచిగా ఉంటాయి. అయితే పదిమందికి సరిపడా, కోరిన రకం, కోరిన రోజునే దొరుకుతుందని ఆ నాలుగు పడవల మీద భారం వేసి విందు తలపెట్టడం మంచిది కాదు.

ఆ రోజుల్లో హోటల్లో మీ ముందుకు వచ్చే వంజరం ముక్క ఎక్కడిదో ఒకసారి ఆలోచించండి. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న మొదలై జులై 31తో ముగుస్తుంది కాబట్టి, మే నెలాఖరు దాకా కేరళ, కర్ణాటక, గోవా రేవుల నుంచి ఐసులో పెట్టిన చేప మన మార్కెట్లకు వస్తూనే ఉంటుంది. అది కాకపోతే కోల్డ్ స్టోరేజీలో నిలవ ఉన్నదై ఉంటుంది. సరిగ్గా గడ్డకట్టించిన చేపను నేను తీసిపారేయను, వేపుడుకు అది చక్కగా పనికి వస్తుంది. కాకపోతే హైదరాబాదులో మీ వీధి చివర దొరికేదాన్నే తినడానికి కాకినాడ దాకా వెళ్లడం ఎందుకన్నదే నా అభ్యంతరం. వంజరాన్నీ చందువనూ ఈసారికి మరిచిపోండి.

సముద్రం మూసి ఉన్నా, ఏటిపాయలూ చెరువులూ ఎండిన చేపల గంపలూ తెరిచే ఉంటాయి. గోదావరి సముద్రంలో కలిసేచోట, కోరంగి మడ అడవుల చుట్టుపక్కల పాయల్లో పట్టే మండపీత మీ విందుకు ప్రాణం కావాలి. రొయ్యలకు లోటే ఉండదు. చెరువుల్లో పెంచే రొయ్యల దిగుబడిలో ఆంధ్రప్రదేశ్‌ది దేశంలోనే మొదటి స్థానం. 2009లో మన దేశానికి అనుమతితో వచ్చిన వనామీ రకం ఇప్పుడు తీరమంతా ఉంది. వనామీకి నాటు రొయ్య రుచి లేదని ముక్కు విరిచేవాళ్లలో చాలామంది దాన్ని ఐసులో రెండు మూడు రోజులు నానిన తర్వాతే తిని ఉంటారు. మీ మిత్రుడికి చెరువుల రైతులతో పరిచయం ఉంటే పట్టుబడి ఏ రోజో కనుక్కోమనండి. తెల్లవారి చెరువులో పట్టిన రొయ్య మధ్యాహ్నానికి మూకుట్లో పడితే దాని తీపి వేరుగా ఉంటుంది. కిలోకు 30 తూగేదాన్ని 30 కౌంటు అంటారు. వేపుడుకు 30, 40 కౌంటు బాగుంటుంది. చింతచిగురు కూరకు అంతకంటే చిన్నవే మేలు, ఖర్చూ తగ్గుతుంది. కిలో రొయ్యలు తల తీసి ఒలిస్తే చేతికి వచ్చేది దాదాపు సగమేనని లెక్కలో పెట్టుకోండి. ముళ్ల బాధ లేని పెద్ద చేప కావాలంటే కృష్ణా, పశ్చిమ గోదావరి ప్రాంతాల చెరువుల్లో పెంచే పండుగప్పను ముందుగా చెప్పి తెప్పించుకోవచ్చు.

వేసవి మాత్రమే ఇచ్చే రెండు పులుపులు మీకు అనుకూలిస్తాయి. ఒకటి చింతచిగురు, రెండోది పచ్చి మామిడికాయ. జులైలో మీ మిత్రుడు చేప పెట్టగలడేమో కానీ లేత చింతచిగురు పెట్టలేడు. చిగురును పుల్లలు ఏరేసి, అరచేతుల మధ్య పొడిపొడిగా నలిపి పక్కన పెట్టుకోవాలి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి మగ్గిన నూనెలో నల్లనరం తీసిన రొయ్యలను వేసి, అవి ఊరించిన నీరు సగం ఇంకి ముక్క ముడుచుకునేసరికి చిగురు చల్లి, నాలుగు నిమిషాల్లో దించేయాలి. ఇంకాస్త ఉడికితే మంచిదనుకుని పొయ్యి మీద వదిలేస్తే రొయ్య రబ్బరులా సాగుతుంది, చిగురు నల్లబడుతుంది. మామిడికాయను ఎండు నెత్తళ్లతో వండించండి. వేట లేని రోజుల్లో తీరంలోని ఇళ్లు ఏనాటినుంచో ఎండుచేప మీదే నడుస్తున్నాయి. వేడి అన్నం, పప్పుచారు, పక్కన వేయించిన ఉప్పుచేప ముక్క చాలు, ఊరి వంట ఏమిటో మీ పిల్లలకు తెలుస్తుంది.

రెండు రోజుల్లో ఏది ఎప్పుడన్నది మీ ఇష్టమే కానీ, పీతలను మాత్రం తొందర లేని పూటకు ఉంచుకోండి. రాత్రి రైలుకు వెళ్లేవాళ్లు గడియారం చూసుకుంటూ తినే వంటకం కాదది. డొక్కు (పైపెంకు) విరిచి, కాలు కొరికి, లోపలి కండను వేలితో లాగి తినేసరికి గంటన్నర గడుస్తుంది. రెండు చేతులకూ మసాలా అంటుకుని ఉంటుంది కాబట్టి ఎవరూ ఫోను ముట్టుకోరు. మీలో ఉన్నత పదవుల్లో ఉన్నవారు కూడా ఎదుటివాడి ఆకులో మిగిలిన పెద్దకాలు వైపు చూస్తూ పాత రోజుల భాషలోకి దిగిపోతారు. ఆ పూట రొయ్యల బిర్యానీ పెట్టించకండి. బిర్యానీ కడుపు నింపేసి పీతకు చోటు లేకుండా చేస్తుంది. తెల్లన్నం, పీతల ఇగురు, ఒక పలచటి చారు, చివర మజ్జిగ సరిపోతాయి. భోజనానికి గంట ముందు తాటి ముంజలు పెడితే ఎండలో వచ్చినవాళ్లు సేదదీరుతారు.

ఇంకొక్క జాగ్రత్త. మీ పదిమందిలో రొయ్య గానీ పీత గానీ పడనివారు ఉన్నారేమో ముందే అడగండి. రొయ్య పడనివారికి చాలాసార్లు పీత కూడా పడదు. చేప మాత్రం వారిలో అనేకులకు ఇబ్బంది చేయదు, ఎందుకంటే రొయ్య, పీతల ఎలర్జీకీ చేప ఎలర్జీకీ కారణమయ్యే మాంసకృత్తులు వేరు. ఒకసారి పెదవులు వాచి ఊపిరి ఆడని అనుభవం ఉన్న మనిషికి "ఒక్క ముక్క తింటే ఏం కాదులే" అని బలవంతం చేయడం స్నేహం కాదు. వారికి వండే మూకుడు, గరిటె కూడా వేరుగా ఉండాలి.

ప్రశ్న: పీతలు కొన్న ప్రతిసారీ మోసపోతున్నాం. చూడటానికి పెద్దవిగానే ఉంటాయి, వండాక చూస్తే డొల్ల. బాగా కండ పట్టిన పీతను గుర్తుపట్టడం ఎలా? ఇంట్లో శుభ్రం చేసి వండే పద్ధతి కూడా చెప్పగలరు. – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పీత పెరగాలంటే పాత డొక్కు వదిలి కొత్త డొక్కు తొడుక్కోవాలి. కొత్త డొక్కు పెద్దదిగా ఉంటుంది, లోపలి కండ మాత్రం దానికి తగ్గట్టు పెరగడానికి కొంత కాలం పడుతుంది. ఈ లోపు ఆ ఖాళీలో నీరే ఉంటుంది. మీ చేతికి వస్తున్నది అలాంటి పీతే. విచిత్రమేమిటంటే, నిగనిగలాడుతూ శుభ్రంగా కనిపించేదే సాధారణంగా డొల్ల పీత. రంగు మాసి, అడుగున గీతలు పడి, పెద్దకాళ్ల పళ్లు కాస్త అరిగినట్టున్న పీత డొక్కు పాతది కాబట్టి లోపల నిండుగా ఉంటుంది. ఒకే పరిమాణంలో ఉన్న రెండింటిని చేత్తో తూచి బరువైనదాన్ని తీసుకోండి. తర్వాత దాన్ని వెల్లకిలా తిప్పి, వెనక కాళ్ల మొదళ్ల దగ్గర డొక్కును బొటనవేలితో నొక్కండి. రాయిలా ఉంటే కొనండి, లోపలికి దిగితే వదిలేయండి. అమావాస్య పీతకు కండ ఎక్కువని, వెన్నెల పీత డొల్లని రేవులో చెబుతారు. ఆ మాటను నేను కాదనను, బొటనవేలి పరీక్షను మాత్రం అమావాస్యనాడు కూడా మానుకోను.

పొట్ట మీది మడత సన్నటి త్రిభుజంలా ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది. కండకు, పెద్దకాళ్లకు మగపీత, లోపలి నారింజరంగు గుడ్డుకు ఆడపీత ప్రసిద్ధి. పొట్ట మడత కింద బయటికే గుడ్ల గుత్తి కనిపిస్తున్న ఆడపీతను మాత్రం కొనకండి. గుడ్లు పెట్టే కాలమనే కదా అంత పెద్ద సముద్రాన్ని రెండు నెలలు వదిలిపెడుతున్నది, మన సంచిలోకి అదే గుడ్డు రావడం బాగుండదు. ఏ పీత అయినా కదులుతూ ఉండాలి. చచ్చిన పీత ఎంత చవకగా వచ్చినా వద్దు, అది చేపకంటే త్వరగా పాడవుతుంది. ఇంటికి తెచ్చేటప్పుడు నీళ్లలో వేయకుండా, కాళ్లు కట్టినవాటిని కట్టినట్టే తడి గోనెలో చుట్టి నీడన పెడితే క్షేమంగా వస్తాయి.

కోసే ముందు అరగంట ఫ్రీజరులో పెడితే పీత మందగించి స్పృహ తప్పుతుంది. దానికీ బాధ తక్కువ, మన వేళ్లకూ భయం తక్కువ. పొట్ట మడతను లాగేసి, వెనక అంచు దగ్గర బొటనవేలు దూర్చి పైడొక్కును పైకి ఎత్తితే ఊడి వస్తుంది. రెండు పక్కలా ఈకల్లా బూడిదరంగులో కనిపించేవి మొప్పలు, వాటిని పూర్తిగా తీసేయాలి. పసుపచ్చటి ముద్దను మాత్రం పారేయకండి, ఇగురుకు చిక్కదనం దానివల్లే వస్తుంది. మధ్యకు రెండుగా కోసి, పెద్దకాళ్లను రోకలితో ఒక్క దెబ్బ వేసి చిట్లిస్తే చాలు, నుజ్జు చేయకూడదు. పదే పదే కడిగితే రుచంతా కాలవ పాలవుతుంది కనుక కోయకముందే డొక్కు మీది బురద బాగా రుద్ది కడగండి.

చివరి చిన్న కాళ్లలో కండ తక్కువ, రసం ఎక్కువ. గోదావరి జిల్లాల్లో వాటిని పారేయకుండా రోట్లో కచ్చాపచ్చాగా దంచి, కాసిని నీళ్లు పోసి పలచటి గుడ్డలో పిండి, ఆ రసాన్ని కూరలో పోస్తారు. ఉల్లిపాయ ముద్దను నూనెలో ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి, పసుపు, కారం, ఉప్పు వేసి, ముక్కలను అందులో పొర్లించండి. ఆకుపచ్చ నలుపులో ఉన్న డొక్కు క్షణాల్లో ఎర్రబడుతుంది. ఆ ఎరుపు పీతలో ముందునుంచీ ఉన్నదే, మాంసకృత్తితో ముడిపడి ఉన్న ఆస్టాక్సాంతిన్ అనే రంగు వేడికి విడివడి బయటపడుతుంది. అప్పుడు వడకట్టిన రసం పోసి, మూతపెట్టి పావుగంట ఉడకనిచ్చి, ధనియాలు, జీలకర్ర, గసగసాలు నూరిన ముద్ద వేసి దగ్గరపడనివ్వండి. ఇగురుకు చింతపండు వద్దని నా అభిప్రాయం. పులుపు తప్పదనుకునేవాళ్లు రెండు మామిడికాయ ముక్కలు వేసుకోవచ్చు.

ప్రశ్న: మృగశిర కార్తె నాడు మిత్రుల కుటుంబాలను పిలిచి చేపల భోజనం పెట్టాలని ఉంది. ఆ రోజు సముద్రపు చేప మంచిదా, చెరువు చేపా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: రోహిణి ఎండలు ముగిసి మృగశిర వచ్చేది జూన్ 7, 8 తేదీల ప్రాంతంలో. పడమటి తీరం 1వ తేదీనే మూతపడుతుంది, తూర్పు తీరం 14 దాకా తెరవదు. అంటే రెండు సముద్రాలూ ఒకేసారి మూసి ఉండే రెండు వారాల మధ్యలో మీ పండుగ పడుతుంది, కాబట్టి ఆ రోజు సముద్రపు చేప కోసం వెతకడం దండగ. తెలంగాణ ఆచారం దానంతట అదే సరైన దారి చూపిస్తోంది. వేసవి చివరికి చెరువుల్లో నీరు అడుగంటుతుంది, వల వేస్తే చేప తేలిగ్గా పడుతుంది, ఊరంతటికీ ఒకేసారి చేప దొరికే సమయమది.

రవ్వ, బొచ్చె పులుసుకు బాగుంటాయి. ఖర్చుకు వెనకాడకపోతే కొరమీను తీసుకోండి. 2016లో దాన్ని తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిన కుటుంబం పంచే చేప ప్రసాదంలో వాడేది కూడా ఆ జాతి పిల్లనే. కొరమీను గాలి పీల్చగలదు కాబట్టి కొద్దిపాటి నీళ్లలోనే బతికి ఉంటుంది. జూన్ ఎండలో, ఆ రద్దీలో, కళ్ల ముందు కదులుతున్న చేపను కోయించుకోగలగడం కంటే తాజాతనానికి హామీ ఏముంటుంది? జిగురు పోవడానికి రాళ్ల ఉప్పుతోనో బూడిదతోనో గట్టిగా రుద్ది కడిగించండి. ఆ రోజు ధరలు పెరుగుతాయి, క్యూలు ఉంటాయి. ముందురోజు సాయంత్రమే బతికున్న చేపను తెచ్చి, మూతమీద బరువు పెట్టిన బకెట్లో ఉంచుకునేవాళ్లు తెలివైనవాళ్లు. మూత మరిచిపోతే అది ఎగిరి వంటింట్లో పడుతుంది.

ప్రశ్న: మేము మేరీలాండ్‌లో ఉంటున్నాం. ఇక్కడ వేసవిలో దొరికే నీలిపీతలతో మన ఇగురు కుదురుతుందా? ఇక్కడి స్నేహితులనూ పిలవాలని ఉంది. – ఒక పాఠకురాలు, మేరీలాండ్

జవాబు: చక్కగా కుదురుతుంది. చెసపీక్ అఖాతపు నీలిపీత మన మండపీతకంటే చిన్నది, డొక్కు పలచన, కండ తియ్యన. కాబట్టి ఉడికే సమయం బాగా తగ్గించి, పది పన్నెండు నిమిషాల్లో ముగించండి. అక్కడి పద్ధతిలో పీతలను కోయకుండా ఓల్డ్ బే మసాలా చల్లి ఆవిరి మీద ఉడికించి, కాగితం పరిచిన బల్ల మీద కుమ్మరించి, చెక్క సుత్తులతో కొట్టుకుని తింటారు. ఆ మసాలా డొక్కు మీదే ఉండి వేళ్ల ద్వారా నోటికి చేరుతుంది. మనది కోసిన ముక్కలోకి దిగుతుంది. రెండూ రెండు రుచులు. అక్కడివాళ్లు వస్తున్నారు కనుక సగం వాళ్ల పద్ధతిలో, సగం ఇగురుగా చేస్తే ఒకరి బల్ల మర్యాద మరొకరికి తెలుస్తుంది. బల్ల మీద కాగితం, చేతులతో తిండి, గంటలకొద్దీ కబుర్లు రెండు చోట్లా ఉన్నవే కాబట్టి ఎవరికీ కొత్తగా అనిపించదు. మీరే సరదాగా పట్టుకోవాలనుకుంటే మాత్రం, మేరీలాండ్‌లో సరదా వేటగాళ్లు ఆడపీతలను ఉంచుకోవడం నిషిద్ధమని గుర్తుపెట్టుకోండి. కండ బాగా నిండేది వేసవి చివర, సెప్టెంబరు వైపు.

ప్రశ్న: చేపలు తిన్న తర్వాత పెరుగన్నం తింటే బొల్లి వస్తుందని మా అత్తగారు అంటారు. విందులో అందరికీ పెరుగు వడ్డించవచ్చా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వడ్డించవచ్చు. బొల్లి అనేది శరీర రక్షణ వ్యవస్థ చర్మంలో రంగునిచ్చే కణాల మీద దాడి చేయడం వల్ల వచ్చేది. చేప, పెరుగు కలవడం వల్ల అది వస్తుందనడానికి ఆధారం లేదు. బెంగాలీలు చేపను పెరుగులోనే వండుకుంటారు. చరక సంహితలో చేపను పాలతో కలిపి తినవద్దన్న మాట ఉంది, మన ఇళ్లలోని భయానికి మూలం అదే కావచ్చు. మీ అత్తగారి మాటకు ఎదురు చెప్పి విందు వాతావరణం పాడుచేసుకోవడం కంటే, పెరుగు గిన్నె బల్ల మీద పెట్టి ఎవరికి కావాలంటే వారు వేసుకునేలా చేయండి.

భయపడవలసింది ఎండకు. కానాగంతలు, ట్యూనా వంటి చేపలు ఐసు లేకుండా ఉంటే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది, ఎంత ఉడికించినా పోదు. అలాంటి చేప తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, తలనొప్పి వస్తుంది. ఆ నేరాన్ని ఎన్ని ఇళ్లలో పెరుగు మీద వేశారో! చేప కొన్న చోటే, చేప ఎంత బరువుంటే అంత బరువు నలగ్గొట్టిన ఐసుముక్కలు వేయించుకుని థర్మకోల్ పెట్టెలో తెచ్చుకోండి.

ప్రశ్న: మర్నాటి చేపల పులుసు మరింత బాగుంటుంది కదా. వేసవి విందులో మిగిలినది రాత్రంతా బయటే ఉంచవచ్చా? – ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: రుచి విషయంలో మీ మాట నిజం. చింతపండు పులుపు, ఉప్పు, కారం ముక్కలోకి దిగడానికి సమయం పడుతుంది. మట్టిదాకలో చిక్కటి పులుసును రాత్రంతా ఉంచడం పాత అలవాటే. అయితే రాత్రిపూట కూడా వేడి తగ్గని మే నెలలో, నలుగురి గరిటెలు పడిన గిన్నెకు ఆ అలవాటు వర్తించదు. వాతావరణం 32 డిగ్రీలు దాటితే వండిన చేపను గంటకంటే ఎక్కువసేపు బయట ఉంచవద్దని ఆహార భద్రతా నిపుణులు చెబుతారు. కాబట్టి వడ్డన మొదలుకాకముందే మర్నాటికి కావలసినంత పులుసును వేరే గిన్నెలోకి తీసి, వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి అందులో చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున్న పొగలు వచ్చేదాకా మరిగించి, ఇడ్లీలతో తినండి. రొయ్యల కూర, పీతల ఇగురు మాత్రం మిగలకుండా ఆ పూటే తినేయాలి. పదిమంది మిత్రులుండగా మిగలవు కూడా.